ముప్పై మూడు అడుగుల బస్సు

జూన్ 3, మంగళవారం

పొద్దున్నే డైరెక్టరు తన గదికి పిలిచాడు. నవంబరులో మా మ్యూజియంలో ఒకే చిత్రకారిణి బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెడుతున్నారట. ఆవిడ ఎవరో చెప్పగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టనివాళ్లు ఎవరున్నారు ఇప్పుడు! ఆవిడ వేసేవన్నీ చిన్న బొమ్మలు. అరచేయంత, పుస్తకమంత, మహా అయితే కిటికీ రెక్కంత. వాటి ముందు జనం ఊపిరి బిగబట్టి వంగి చూస్తారు.

"రిజిస్టరు తిరగేస్తుంటే ఒక వింత కనబడింది మేడమ్," అన్నాడు. "ఆవిడ ఇరవై నాలుగేళ్ల వయసులో వేసిన పెద్ద బొమ్మ మన స్టోరులోనే ఉందట. పొడవు ముప్పై మూడు అడుగులు, ఎత్తు పది. ముప్పై ఒక్క ఏళ్లుగా చుట్టి పెట్టినట్టే ఉంది. మీరు అప్పటికే ఇక్కడ ఉన్నారు కదా, చూశారా?"

కొత్తగా చేరిన రోజులు, సరిగా గుర్తులేదన్నాను.

"అయితే మీరే విప్పాలి," అన్నాడు. పాడైన బొమ్మలు బాగుచేయడం నా ఉద్యోగం. కాదనడానికి ఏముంది? రిటైరవడానికి ఇంకా పదకొండు నెలలుంది. వెళ్లిపోయే ముందు ఇంత పెద్ద పని చేతికి రావడం అదృష్టమే అనుకోవాలి. అనుకుంటున్నాను.

జూన్ 4, బుధవారం

బాగానే గుర్తుంది.

జూన్ 6, శుక్రవారం

వడ్రంగి మేస్త్రీని వెంటబెట్టుకుని స్టోరుకి వెళ్లాను. మ్యూజియంలో నాకంటే పాతకాపు ఆయనొక్కడే. ఎప్పుడో రిటైరయ్యాడు గానీ ఇంటి దగ్గర తోచక మళ్లీ వస్తున్నాడు. పై అరలో, గోడ పొడవునా, దుమ్ముపట్టిన గుడ్డలో చుట్టి ఉంది. నలుగురం పట్టి దించాం.

మేస్త్రీ చివర గుడ్డ తొలగించి లోపలికి చూశాడు.

"ఇదేంటి మేడమ్, నీళ్ల పైపుకి చుట్టారు? నా మణికట్టంత కూడా లేదు. ఎవరు చేసిన ఘనకార్యం ఇది?"

ఎవరో, అన్నాను.

పెద్ద బొమ్మని చుట్టాలంటే లావుపాటి డ్రమ్ముకి చుట్టాలి. రంగు బయటికి ఉండాలి. ఇది సన్నటి పైపుకి, రంగు లోపలికి పెట్టి, బిగించి చుట్టింది. చుట్టినవాళ్లు తొందరలో ఉండి ఉంటారు. పైపుకి దగ్గరయ్యేకొద్దీ చుట్టు బిగుసుకుంటుంది కాబట్టి లోపలి చివర, ఆఖరి ఆరడుగులు, బాగా దెబ్బతిని ఉంటాయి.

రిజిస్టరులో, అప్పట్లో మా విభాగం చూసిన పెద్దాయన చేతిరాత: "వచ్చేటప్పటికే రంగు పగిలి ఉంది. అడుగు పూత నాసిరకం. మళ్లీ వేలాడదీయడానికి పనికిరాదు." అడుగు పూతంటే రంగులు వేయకముందు గుడ్డకి పట్టించే పూత. పెద్దాయన పోయి పన్నెండేళ్లయింది. మంచివాడు. చెప్పింది నమ్మేవాడు.

జూన్ 10, మంగళవారం

చిత్రకారిణి దగ్గర్నుంచి డైరెక్టరుకి ఉత్తరం వచ్చింది. నాకు చదవమని ఇచ్చాడు. ఆ పెద్ద బొమ్మని విప్పొద్దు, పెట్టొద్దు అని రాసింది. "నాకు అడుగు పూత పూయడం చేతకాలేదని మీ మ్యూజియం వాళ్లే అప్పట్లో చెప్పారు. పెద్ద గుడ్డ నా వల్ల కాదని ఆ రోజే తెలుసుకున్నాను. దాన్ని అలాగే ఉండనివ్వండి."

ఆ రెండో వాక్యం నాలుగుసార్లు చదివాను.

"బతిమాలి ఒప్పిస్తాను," అన్నాడు డైరెక్టరు. "ముందు మీరు మొదలుపెట్టండి. బొమ్మ ఎలాగూ మనదే కదా."

జూన్ 12, గురువారం

ఈ పుస్తకం ఎవరూ చదవరు. కాబట్టి రాస్తాను.

చుట్టింది నేను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. కొత్త చిత్రకారుల ప్రదర్శనలో ఆ బొమ్మ పెద్ద హాల్లో గోడంతా ఆక్రమించింది. ఆరో రోజు, శనివారం, వాన మొదలై కప్పు కారింది. హాలు ఖాళీ చేయమన్నారు. లావు డ్రమ్ము వెనక భవనంలో ఉంది. తడుస్తూ వెళ్లి తేవాలి. పైపు చేతికి అందుబాటులో ఉంది. ఒక్క పూటేగా అనుకున్నాను. రంగు లోపలికి ఉంటే తడవదని నాకు నేనే చెప్పుకున్నాను. సోమవారం పెద్దాయన ఒక కొస విప్పి చూస్తే పగుళ్లు. "వచ్చినప్పుడే ఇలా ఉందా?" అని అడిగాడు. ఆయన అడిగిన తీరులోనే నాకు దారి దొరికింది. అవునండీ, అన్నాను. ఆయన రాసేశాడు.

ఒక్క మాట. "అవునండీ."

వాన నా తప్పు కాదు. కప్పు నా తప్పు కాదు.

జూన్ 16, సోమవారం

పని మొదలు. మేస్త్రీ పదకొండడుగుల వెడల్పు బల్ల చేశాడు. ఒక పక్క పాత పైపు, ఇంకో పక్క ఆయనే చెక్కతో చేసిన లావు డ్రమ్ము. పైపు నుంచి రోజుకి ఒక అడుగు విప్పి, బాగుచేసి, డ్రమ్ముకి ఎక్కించాలి. అంటే బొమ్మ మొత్తం ఒక్కసారి ఎవరికీ కనపడదు, గోడకి ఎక్కేదాకా.

బల్ల మధ్యకి చెయ్యి అందదు. దానికీ ఉపాయం చేశాడు. బల్ల మీదుగా అడ్డంగా పలక వంతెన. దాని మీద బోర్లా పడుకుని పనిచేయాలి.

"ఈ వయసులో ఈత నేర్చుకుంటున్నట్టుంది," అన్నాను.

"మునిగితే చెప్పండి, కాళ్లు పట్టుకుని లాగుతా," అన్నాడు.

బొమ్మ మీద ప్లాస్టిక్ గుడారం కట్టి, తడి గుడ్డల చెమ్మ మెల్లగా తగిలేలా పెట్టాం. బిర్రబిగిసిన గుడ్డ మెత్తబడాలి. సాయంత్రం నాలుగింటికి మొదటి అడుగు విచ్చుకుంది. బూడిదరంగు నేల మీద నీళ్లు. నీళ్లలో ఒక బస్సు వెనక దీపం ఎర్రగా.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ యాభై ఏళ్లు దర్జీ కొట్టు నడిపిన మనిషి. "గుడ్డని ఇస్త్రీతో బెదిరించకు. దాని టైము దానికివ్వు," అంది.

జూన్ 17

చక్రం. నా ఛాతీ ఎత్తు ఉంది.

జూన్ 25, బుధవారం

ఎనిమిది అడుగులు అయ్యాయి. బస్సు ఉన్నది ఉన్నంత వేసింది ఆవిడ, నిజం బస్సంత. డిపోలో, తెల్లవారుజామున, దాన్ని ఏడుగురు ఆడవాళ్లు కడుగుతున్నారు. ఇప్పటికి ఇద్దరు బయటపడ్డారు. ఒకామె వంగి చక్రం తోముతోంది. ఇంకొకామె బకెట్టు ఎత్తి నీళ్లు విసురుతోంది. ఆ నీళ్లు మూడడుగుల మేర గాల్లోనే ఉన్నాయి. రెండు రోజులు నేను ఆ నీళ్ల మీద పడుకుని పనిచేశాను. తడుస్తానేమో అనిపించింది, అబద్ధం కాదు.

ఇంకో సంగతి. పెచ్చు లేచిన చోట రంగుకింద పూత చూశాను. గట్టిగా ఉంది. గుడ్డని అంటిపెట్టుకుని ఉంది. సూది మొనతో లాగినా రాలేదు. పగుళ్లన్నీ పైపుకి సమాంతరంగా, నిలువుగా వరసలు వరసలుగా ఉన్నాయి. పూత నాసిరకమైతే పగుళ్లు అలా వరస కట్టవు.

నాకు తెలియని సంగతి కాదు గానీ, కళ్లతో చూడటం వేరు.

జూలై 1

మూడో ఆమె నవ్వుతోంది. పన్ను ఒకటి లేదు.

జూలై 4, శుక్రవారం

ప్రదర్శన పుస్తకం కోసం డైరెక్టరు రాసిన నాలుగు పేజీలు చదవమని ఇచ్చాడు. "అనుభవం లేని యువ చిత్రకారిణి నాసిరకం పూత వల్ల దాదాపు నాశనమైన చిత్రాన్ని మా నిపుణురాలు తన నేర్పుతో బతికించారు." నా ఫోటో కూడా వేస్తారట.

"బాగుందా మేడమ్?"

బాగుంది సర్, అన్నాను.

ఇంట్లో ఆయన లేరు. రైలు నడిపే మనిషి, వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే. అన్నం ముందు కూర్చుని కదపకపోతే అత్తయ్యే పట్టుకుంది. మొత్తం చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. గ్లాసులో నీళ్లు పోసి నా ముందు పెట్టింది.

"నేను కొట్టు పెట్టిన కొత్తలో ఒకాయన కోటు కత్తిరించడంలో చెడగొట్టాను," అంది. "గుడ్డ మంచిది కాదండీ అన్నాను. ఆయన ఆ గుడ్డలకొట్టుకి వెళ్లడం మానేశాడు. ఇంకో పదిమందికి చెప్పాడు. ఆ కొట్టాయన పాపం ఏమీ తెలియక, నేను ఎదురైనప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు. ఆ నమస్కారం నేను మోయలేకపోయానమ్మాయ్. వీధి మార్చి నడిచేదాన్ని."

"చెప్పారా మరి ఆయనకి?"

"రేపు చెబుతా, రేపు చెబుతా అనుకున్నాను. పోయాడు."

తర్వాత ఆవిడ నా కంచంలో ఇంకో గరిటె వడ్డించింది, నేను వద్దంటున్నా.

జూలై 8

పంతొమ్మిది అడుగులు. అటువైపు కిటికీలు. ఒక్కో కిటికీలో ఒక్కోలా తెల్లవారుతోంది.

ముందు పని పూర్తి చేసి, తర్వాత చెప్పొచ్చు. బాగైన బొమ్మ చేతికిచ్చి చెబితే ఆవిడకీ తేలిక.

జూలై 9

నాకు తేలిక.

జూలై 12, శనివారం

వెళ్లాను.

రైల్లో రెండు గంటలు. మేడ మీద రెండు గదులు. ఒక గదిలో చిన్న బల్ల, బల్ల మీద పోస్టుకార్డంత బొమ్మ, భూతద్దం. ఆవిడ నేననుకున్నదానికంటే పొట్టి. జుట్టు పూర్తిగా తెల్లబడింది. టీ ఇచ్చింది. మ్యూజియం నుంచి బతిమాలడానికి వచ్చాననుకుంది.

"ఎంత చెప్పినా నా మాట అదేనండి. అది నా చేతకానితనం. నలుగురిలో పెట్టుకోలేను."

నేను కప్పు కింద పెట్టాను.

"మీ పూత బాగానే ఉందండి," అన్నాను. "బొమ్మని చెడగొట్టింది నేను. ఆ శనివారం సన్నటి పైపుకి చుట్టాను. పగిలింది. అడిగితే వచ్చేటప్పటికే అలా ఉందని చెప్పాను."

ఆవిడ నా వైపు చూసింది. కుర్చీలో ముందుకి వంగింది.

"ఎంత సన్నం?"

వేళ్లతో చూపించాను.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. అటు తిరిగే మాట్లాడింది. "అది వేసింది మా అమ్మ కోసం. డిపోలో బస్సులు కడిగేది. బస్సు పక్కన మనిషి ఎంత చిన్నగా ఉంటుందో, అయినా ఆ బస్సుని ఎలా లొంగదీస్తుందో చూపించాలని అంతది వేశాను. అమ్మకి ఆదివారమే సెలవు. ఆదివారం తీసుకొస్తానని చెప్పాను. మీరు శనివారం దించారు. సరే, వాన. మళ్లీ ఎప్పుడు పెడతారని అడగడానికి వస్తే, నీ రంగు నిలవదమ్మా, ఇంక పెట్టలేం అన్నారు. అమ్మకి ఏం చెప్పానో తెలుసా? బొమ్మ బాగా రాలేదు, అందుకే తీసేశారని చెప్పాను."

ఆవిడ ఇటు తిరిగింది.

"ముప్పై ఒక్క ఏళ్లండి. ఎప్పుడు పెద్ద గుడ్డ ముందు నిలబడినా చేతులు వణికేవి. చిన్నవి వేశాను. అందరూ అదే నా గొప్పదనం అన్నారు. నేనూ నమ్మాను."

తర్వాత, "మీరు వెళ్లండి," అంది.

టీ సగమే తాగాను. మెట్లు దిగి స్టేషన్‌కి నడిచాను. రైలెక్కాక ఆకలేసింది. స్టేషన్లో కొనుక్కున్న రొట్టె మొత్తం తినేశాను.

జూలై 14, సోమవారం

డైరెక్టరుకి చెప్పాను. మొదట నవ్వాడు. తర్వాత తలుపు వేశాడు.

"ఎందుకు మేడమ్ ఇప్పుడు తవ్వుకోవడం? మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? పదకొండు నెలల్లో దండ వేయించుకుని వెళ్లిపోయేవారు."

"పది నెలలే సర్," అన్నాను.

రిజిస్టరు తెప్పించాను. పెద్దాయన రాసినదాన్ని కొట్టేయలేదు. దాని కింద రాశాను: "పై మాట నిజం కాదు. బొమ్మ మంచి స్థితిలో వచ్చింది. అడుగు పూత గట్టిది. పగుళ్లకు కారణం నేను చుట్టిన తీరు. ఆ రోజు పెద్దాయనకు తప్పు చెప్పాను." తేదీ, సంతకం.

డైరెక్టరు దాన్ని చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మెమో ఇవ్వక తప్పదన్నాడు. ఇవ్వండి, అన్నాను. పుస్తకంలో వాక్యం మారుస్తానన్నాడు. ఆ మాట అతను తనంతట తనే అన్నాడు. అది రాసిపెట్టుకోవాలి.

పని ఇంకెవరికైనా ఇస్తాడేమోనని భయపడ్డాను. "ఇంకెవరున్నారు మేడమ్?" అన్నాడు, కొంచెం కోపంగానే.

జూలై 15

మెమో వచ్చింది. మేస్త్రీ చదివాడు. మధ్యాహ్నం నా వంతెన పలక మీద మెత్తటి దుప్పటి మేకులు కొట్టి బిగించాడు.

జూలై 22

ఇరవై ఏడు. ఇంక ఆ ఆరడుగులే. ఆవిడ దగ్గర్నుంచి కబురు లేదు.

జూలై 24

పైపు దగ్గర గుడ్డ గవ్వలా బిగుసుకుపోయింది. ఎంత చెమ్మ పెట్టినా విచ్చుకోవడం లేదు. ఈరోజు బలవంతాన అరంగుళం విప్పబోతే టిక్కుమని చప్పుడు. చెయ్యి తీసేశాను. మూడు రోజులు ముట్టుకోను.

జూలై 29, మంగళవారం

పదకొండు గంటలకి గుడారం పక్కన ఎవరో చెప్పులు విప్పిన చప్పుడు. తల తిప్పితే ఆవిడ. నేను పలక మీద బోర్లా ఉన్నాను. లేవడానికి నాకు కాస్త టైము పడుతుంది.

"లేవకండి," అంది.

బల్ల చుట్టూ నడిచింది. డ్రమ్ము దగ్గర ఆగి, ఆఖరుగా ఎక్కించిన అడుగులో ఒకామె మోచేతిని చూసింది. గుడ్డ అంచున రంగు లేనిచోట పూత మీద వేలు పెట్టి, ఆ మీదట గోరుతో మెల్లగా గీకింది. రాలేదు. ఇంకోసారి గీకింది.

"గట్టిగానే ఉందే," అంది, ఎవరితోనో అన్నట్టు.

"చాలా గట్టిగా ఉందండి."

"దేంతో కలిపానో కూడా మరిచిపోయాను." బ్యాగు పక్కన పెట్టి చేతులు మడిచింది. "మీ మీద కోపం పోలేదు. అది ముందే చెబుతున్నా. ఆ చివర ఉన్నది మా అమ్మ. నేనూ పట్టుకుంటాను."

ఆవిడకో పలక కావాలని అడిగేలోపే మేస్త్రీ కొలత తీసుకుంటున్నాడు.

ఆగస్టు 8, శుక్రవారం

పది రోజులుగా ఇద్దరం ఎదురెదురుగా బోర్లా పడుకుని పనిచేస్తున్నాం, తలలు రెండడుగుల ఎడంలో. రోజంతా చేస్తే మూడు నాలుగు అంగుళాలు. నేను లేచిన పెచ్చు కింద పలచటి జిగురు కుంచెతో పెడతాను. ఆవిడ పల్చటి కాగితం వేసి వేలితో అదుముతుంది. ఆ చేతుల్లాంటి చేతులు నేను ఇంతవరకు చూడలేదు. చిన్న బొమ్మలు వేసి వేసి అలా అయ్యాయి. ఆ మాట పైకి అనబోయి ఆగాను. ఆవిడే అంది.

"పోస్టుకార్డుల మీద అరిగిన చేతులు. దీనికి పనికొచ్చాయి చూడండి."

మాకు మాటలు తక్కువ. ఒక్కోసారి ఆవిడకి హఠాత్తుగా కోపం గుర్తొస్తుంది. అప్పుడు ఒక గంట అసలు పలకదు. నేనూ కదిలించను. తర్వాత "జిగురు" అంటుంది, అందిస్తాను.

ఆగస్టు 14

ఆమె భుజం. మెడ.

ఆగస్టు 20, బుధవారం

మధ్యాహ్నం పన్నెండూ నలభైకి పైపు ఖాళీ అయింది.

చివరి మడత దానంతటదే విచ్చుకుంది. మేము లాగలేదు. ఆమె ముఖం పైకి చూస్తోంది, బస్సు అద్దం తుడుస్తూ, ఇంకో గుడ్డని పళ్లతో పట్టుకుని, రెండు చేతులూ ఎత్తి. ముఖం మీద ఏడు పగుళ్లు. ఏడూ కూర్చున్నాయి. ఒక్క పెచ్చు కూడా పోలేదు. లెక్క పెట్టాను, మళ్లీ పెట్టాను.

చిత్రకారిణి పలక మీంచి దిగి గోడకి ఆనుకుని కూర్చుంది. ముఖం కప్పుకోలేదు, ఏడ్చేసింది. మేస్త్రీ పైపు తీసి భుజాన వేసుకుని, "ఇది పాత ఇనుముకి ఇచ్చేస్తున్నా, ఎవరైనా వద్దంటారా?" అన్నాడు. ఎవరూ వద్దనలేదు.

ఇంటికెళ్లేసరికి ఆయన ఉన్నారు. చెప్పాను. అత్తయ్య, ఆయన, నేను భోజనానికి బయటికెళ్లాం. అత్తయ్య లిప్‌స్టిక్ వేసుకుంది.

నవంబరు 7, శుక్రవారం

ప్రారంభం.

పొద్దున ఏడింటికి, జనాన్ని రానివ్వకముందే, బొమ్మని గోడకి ఎత్తాం, పన్నెండుమంది తాళ్లు పట్టుకుని. బొమ్మ మొత్తం ఒక్కసారి చూడటం నాకూ ముప్పై ఒక్క ఏళ్లలో ఇదే. బస్సు గోడ నిండా నిలబడింది. ఇప్పుడే హారన్ కొడితే పక్కకి తప్పుకోవాలనిపించేలా. దాని చుట్టూ ఏడుగురు ఆడవాళ్లు, చిన్నగా, ఎక్కడా లొంగకుండా. విసిరిన నీళ్లు ఇంకా గాల్లోనే ఉన్నాయి. డైరెక్టరు నోరు తెరిచాడు గానీ ఉపన్యాసం రాలేదు. పుస్తకంలో అతను మార్చిన వాక్యం చదివాను. ఉన్నదున్నట్టు రాశాడు. నా ఫోటో తీసేశాడు. నా చేతుల ఫోటో, ఆవిడ చేతుల పక్కన, వేశాడు.

పదింటికి చిత్రకారిణి వాళ్ల అమ్మని తీసుకొచ్చింది. ఎనభై రెండేళ్లు. చేతికర్ర. వెంట డిపోలో పనిచేసిన ముసలివాళ్లు ఇంకో ఇద్దరు. గుమ్మం దగ్గరే ముగ్గురూ ఆగిపోయారు.

నేను స్తంభం పక్కకి జరిగాను.

అమ్మగారు మెల్లగా నడిచి బొమ్మ ముందుకి వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. వెనక చక్రం దగ్గర కర్రతో చూపించింది.

"ఇక్కడ మట్టి వదిలేసింది. సూపర్‌వైజరు చూస్తే ఊరుకుంటాడా?"

"అది నేను," అంది పక్కావిడ. "ఆ రోజు నాకు నడుము నొప్పి."

"నీకు రోజూ నడుము నొప్పే."

అందరూ నవ్వారు. అప్పుడు అమ్మగారు తల ఎత్తి తన ముఖం చూసుకుంది. అక్కడి నుంచి చాలాసేపు కదల్లేదు. చివరికి కూతురి వైపు తిరిగింది.

"బాగా రాలేదన్నావే?"

"తప్పు చెప్పానమ్మా. బాగా వచ్చింది."

"నాకు కనబడటంలా?" అంది ముసలావిడ. కుర్చీ తెమ్మంది. బొమ్మకి ఎదురుగా వేయించుకుని కూర్చుంది. మంత్రిగారు వచ్చి వెళ్లారు, పత్రికలవాళ్లు వచ్చి వెళ్లారు, ఆవిడ లేవలేదు. మ్యూజియం మూసేవేళకి కాపలా మనిషి వచ్చి అడిగితే, "రేపు ఎన్నింటికి తెరుస్తారు?" అంది.

చిత్రకారిణి వెళ్తూ వెళ్తూ స్తంభం దగ్గరికి వచ్చింది. నన్ను చూడనే లేదనుకున్నాను.

"మీ పేరు అమ్మకి చెప్పాను. రెండూ చెప్పాను, చెడగొట్టిందీ, బాగుచేసిందీ."

"ఏమన్నారు?"

"ఆ అమ్మాయిని రేపు నా పక్కన కుర్చీ వేసుకోమను, అంది."

నవంబరు 8, శనివారం

వేసుకున్నాను. రోజంతా.

నవంబరు 23, ఆదివారం

చిత్రకారిణి ఒక పాత గోదాము అద్దెకి తీసుకుంది. మేస్త్రీని, నన్ను రమ్మంది. వెళ్లేసరికి ఒక గోడ మొత్తం తెల్లటి గుడ్డ బిగించి ఉంది. నలభై అడుగులు. పూత తనే పూసిందట, వారం రోజులు, ఒక్కతే. దగ్గరికెళ్లి చెయ్యి పెట్టి చూశాను. నునుపుగా, గట్టిగా ఉంది. నేనేం చూస్తున్నానో ఆవిడకి తెలుసు. నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఎలా ఉంది?"

"వంక పెట్టడానికి లేదండి."

"పెట్టినా వినను లెండి."

ఏం వేయబోతోందో చెప్పలేదు. అడ్డంగా ఒక తిన్నని గీత కావాలంది. మేస్త్రీ నీలం పొడి అద్దిన దారం తీశాడు. ఒక కొస ఆవిడ పట్టుకుంది. రెండో కొస నా చేతికిచ్చి, ఆ చివర నిచ్చెన ఎక్కమంది. ఎక్కాను. దారం గుడ్డ పొడవునా బిగుసుకుంది. అంత దూరం నుంచి ఆవిడ వేలంత కనిపిస్తోంది. ఆ చెయ్యి వణుకుతుందేమోనని చూశాను. వణకలేదు.

"వదలొద్దు," అని కేకేసింది.

మేస్త్రీ మధ్యలో నిలబడి దారాన్ని రెండు వేళ్లతో వెనక్కి లాగి వదిలాడు. టప్పుమంది. నీలం పొడి లేచి మా ఇద్దరి ముఖాల మీదా పడింది. పొడి సర్దుకున్నాక చూస్తే, ఆవిడ దగ్గర్నుంచి నా దాకా, నలభై అడుగుల గీత.